మానుకోట మనిషి చూడవలసిన చౌమహల్లా

మానుకోట, డోర్నకల్ మీదుగా పోయే రైలు దారి నిజాం రాజ్యంలో పడ్డది. 1889 నాటికే సికింద్రాబాద్ నుంచి బెజవాడ దాకా పట్టాలు కలిశాయి. నర్సింహులపేట, తొర్రూరు వైపు నుంచి పట్నం పోయినవాళ్లు చార్మినార్ చూసి, లాడ్ బజార్‌లో గాజులు కొని తిరిగొస్తుంటారు. ఆ బజారు దాటి ఇంకాస్త నడిస్తే ఖిల్వత్. నిజాముల చౌమహల్లా ప్యాలెస్ అక్కడే ఉంది.

అఫ్జల్, మహతాబ్, తహ్నియత్, ఆఫ్తాబ్... పేరుకు తగ్గట్టు నాలుగు మహళ్లు. 18వ శతాబ్దంలో సలాబత్ జంగ్ కాలంలో మొదలైన కట్టడం ఐదో నిజాం అఫ్జలుద్దౌలా ఏలుబడిలో (1857-69) పూర్తయింది. ఏడో నిజాం కింగ్ కోఠీలో కాపురం పెట్టాక దీని కళ తగ్గుతూ వచ్చింది. ఆయన మనవడు ముకరం జా మాజీ భార్య ప్రిన్సెస్ ఎస్రా పట్టుబట్టి బాగుచేయించాకే, 2005లో సామాన్యులకు తలుపులు తెరుచుకున్నాయి. 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది.

అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబడి చూడవలసింది దర్బారు హాలు, ఖిల్వత్ ముబారక్. నడుమ తెల్లని పాలరాతి గద్దె, పైన 19 బెల్జియం షాండ్లియర్లు. తోరణాల మీది లతలూ పూలూ సున్నపు గచ్చుతో తీర్చినవి. వాటిని మలిచిన మేస్త్రీల పేర్లు మనకు తెలియవు, పనితనం మాత్రం కళ్లెదుటే ఉంది.

ఈ వైభవానికి సొమ్ము ఊళ్ల నుంచే వచ్చింది. ఊళ్లలో దేశ్‌ముఖ్‌లు, జాగీర్దార్లు రైతును పిండారు, వెట్టి చేయించారు. విసునూరు దొరకు ఎదురు తిరిగి పాలకుర్తి చాకలి ఐలమ్మ తన పంట కాపాడుకుంది. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల తూటాకు దొడ్డి కొమరయ్య బలయ్యాడు. ఆ గద్దె కథ ఈ పేర్లు లేకుండా పూర్తి కాదు.

పిల్లలను చౌమహల్లాకు తప్పక తీసుకెళ్లండి. శుక్రవారం మాత్రం సెలవు. రాజుల దుస్తులూ ఆయుధాలూ పాత కార్లూ చూపిస్తూ, వాటి వెనకున్న రైతు చెమట సంగతీ చెప్పండి. మన జిల్లాల్లో మిగిలిన గడులను కూడా కూలిపోకముందే మ్యూజియాలుగా మార్చాలి. దొరల బతుకుతో పాటు వెట్టి చేసినవాళ్ల బతుకూ అక్కడ కనిపించాలి. ప్రభుత్వం, ఊరి పెద్దలు కలిసి ఇప్పుడే పూనుకోవాలి.