ఉప్పునీటి మొసలీ, మా కాలవ రేవూ

చిన్నప్పుడు నాకు మొసలి అంటే గజేంద్రమోక్షమే. వేసవి సెలవుల్లో రాయవరంలో మా నాయనమ్మ ఆ కథ చెప్తుంటే నేనెప్పుడూ ఏనుగు పార్టీయే. ఆ మొసలి నిజానికి హూహూ అనే గంధర్వుడనీ, దేవలుడి శాపం వల్ల అలా అయ్యాడనీ, చివర్లో ఏనుగుతో పాటు అతనికీ విముక్తి దొరికిందనీ చాలా ఏళ్ళకి గానీ తెలీలేదు. మొసలి పక్షాన ఎవరు వింటారు చెప్పండి!

సరే, అసలు విషయానికొస్తాను. మా ఊరికి దగ్గర్లోనే కోరంగి మడ అడవి ఉంది. 1978లో దాన్ని అభయారణ్యం చేశారు. అక్కడ నీటికుక్కలున్నాయి, బావురుపిల్లులున్నాయి. ఒకప్పుడు మన గోదావరి డెల్టాలో తిరిగిన ఉప్పునీటి మొసలి మాత్రం ఇప్పుడు లేదు. మన దేశంలో అది మిగిలింది మూడే చోట్ల: ఒడిశాలో భితర్‌కనిక, బెంగాల్లో సుందరబన్స్, ఆ తర్వాత అండమాన్ నికోబార్ దీవులు. భితర్‌కనికలో 1975లో పిల్లల్ని పెంచి నదిలో వదలడం మొదలెట్టేనాటికి వంద కూడా లేవుట. ఇప్పుడు 1,700 దాటాయి. ఇది చదివిన దగ్గర్నుంచీ నాదొకటే వాదన. ఒడిశా వాళ్ళు చేయగలిగింది మనమెందుకు చేయలేం? కోరంగిలో కూడా వదలాలి అని. ఆఫీసులో టీ దగ్గర దొరికిన ప్రతివాడికీ ఇదే చెప్పి విసిగించేవాణ్ణి.

విసిగించానంటే కారణముంది. అంత గొప్ప జంతువది. బతికున్న పాముల్లో, బల్లుల్లో, తాబేళ్ళలో, మొసళ్ళలో అన్నిటికన్నా పెద్దది ఇదే. మగవి ఐదారు మీటర్లు పెరుగుతాయి. నాలుక మీద గ్రంథులుంటాయి, ఒంట్లో ఎక్కువైన ఉప్పుని అక్కణ్ణుంచి బయటకి పంపేస్తాయి. అందుకే సముద్రంలోకి కూడా ధైర్యంగా పోతుంది. అలాగని ఎడాపెడా ఈదదు. ఆస్ట్రేలియాలో మొసళ్ళకి ట్రాన్స్‌మిటర్లు కట్టి చూస్తే తేలిందేంటంటే, తను వెళ్ళాల్సిన వైపు నీరు పారుతుంటే దాని మీద తేలిపోతుంది, పోటు తిరగబడితే ఒడ్డుకి చేరో, అడుక్కి మునిగో కూర్చుంటుంది. 2010లో అచ్చయింది ఆ పరిశోధన. మా నాయనమ్మకి చెప్తే "మన పడవలోళ్ళూ పోటు చూసుకునే కదరా వెళ్ళేవోళ్ళు" అని తేల్చేసింది.

ఇంకోటి. ఆకులూ గడ్డీ కుప్పేసి గూడు కట్టి, ఆడమొసలి యాభై దాకా గుడ్లు పెడుతుంది. పుట్టేది ఆడో మగో తేల్చేది గూట్లో వేడి. 31.6 డిగ్రీల దగ్గర ఎక్కువగా మగవి, అంతకి బాగా తగ్గినా బాగా పెరిగినా ఆడవి. ఇంత చిన్న ఇఫ్-ఎల్స్ మీద ఒక జాతి మొత్తం నడుస్తోంది :-) గుడ్డులోంచే పిల్లలు అరుస్తాయి. తల్లి గూడు తవ్వి, ఎముకలు పిండి చేసే అదే నోట్లో పిల్లల్ని పెట్టుకుని నీళ్ళలోకి తీసుకెళ్తుంది. అంత చేసినా నూటికి ఒకటి పెద్దదవడం కష్టమే.

ఇలా ప్రేమలో ఉండగా పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళాను. (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు.. మా పెద్దమ్మ కూతురు మాత్రం ఇంకా పోర్ట్‌బ్లెయిర్ అనే అంటుంది.) అక్కావాళ్ళిల్లు ఒక పాయకి దగ్గర. 2004 సునామీకి అక్కడ నేల కుంగి, వరి పొలాల్లోకి ఉప్పునీరొచ్చి ఉండిపోయింది. మనుషులకి పోయిన పొలం మొసలికి ఇల్లయింది. సాయంత్రం వాళ్ళ ఏడేళ్ళ పిల్లాడు బంతి కోసం నీటివైపు పరిగెత్తాడు. అక్క అరిచిన అరుపు నాకింకా చెవుల్లో ఉంది. నీళ్ళలో ఏమీ లేదు, బంతి తప్ప. కానీ అరగంట దాకా ఆవిడ చేతులు వణుకుతూనే ఉన్నాయి.

రాత్రి భోజనాల దగ్గర నా కోరంగి పాట మొదలెట్టాను. అక్క మజ్జిగ పోస్తూ "ఏరా తమ్ముడూ, మీ రాయవరం కాలవ రేవులో ఒకటి వదలనిస్తావా? పొద్దున్నే నాయనమ్మ కాళ్ళు కడుక్కునే చోట?" అంది. బావగారు నవ్వేశారు. నేను నవ్వలేకపోయాను.

ఎందుకంటే మొసలి గుడ్డిగా వేటాడదు. గమనిస్తుంది. రోజూ ఒకే వేళకి ఒకే చోట నీళ్ళలో దిగేవాళ్ళే దానికి తేలిక. అంటే రేవు తప్ప గతిలేని వాళ్ళు, వలలు లాగేవాళ్ళు, పీతలు పట్టేవాళ్ళు. బెంగళూరులో ఏసీలో కూర్చుని మొసలిని తేవాలనే నాలాంటి వాడిని అది ఏనాడూ పట్టుకోదు. భితర్‌కనిక సంఖ్య గొప్పగా చెప్పాను గానీ, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో మొసళ్ళ వాత పడి పోయినవాళ్ళ లెక్క నేనెప్పుడూ చెప్పలేదు. అక్కడ స్నానాల రేవులకి కంచెలు కట్టాల్సొచ్చింది.

అయితే మొసలి వద్దంటానా? అననండీ. కోరంగిలో దాని చోటు ఖాళీగా ఉందనే ఇప్పటికీ అనుకుంటున్నాను. కాకపోతే వాదన వరస మారింది. ముందు ఆ ఒడ్డున ప్రతి ఇంటికీ కుళాయి, ప్రతి రేవుకీ కంచె, వేటకెళ్ళేవాళ్ళ ఒప్పుదల. ఆ తర్వాతే మొసలి. ఈ వరసలో అయితే నా జీవితకాలంలో అది జరక్కపోవచ్చు.

మొన్న ఊరెళ్ళినప్పుడు నాయనమ్మతో పాటు రేవుకి వెళ్ళాను. ఆవిడ ఎప్పట్లాగే నీళ్ళవైపు చూడకుండా చివరి మెట్టు మీద కాళ్ళు కడుక్కుంది. నేను మాత్రం నీళ్ళవైపే చూస్తూ నిలబడ్డాను.