పింజారి పాట

చిత్తూరు జిల్లాలో మాకు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. సంతలో బేరం, బడిలో పద్యం, కూలి లెక్క అన్నీ తెలుగులోనే. పీర్ల పండక్కి గుండం చుట్టూ అడుగేస్తూ హసన్ హుసేన్ల కథ తెలుగులో పాడేవాళ్లలో మావాళ్లూ ఉంటారు, ఊళ్లో తక్కిన కులాలవాళ్లూ ఉంటారు. అయినా మేం పాట అందుకుంటే "సాయిబులకు తెలుగు బాగానే వచ్చే!" అంటారు. మెచ్చుకోలే. ఆ మెచ్చుకోలుతోనే మమ్మల్ని గడప అవతల నిలబెడతారు. సొంత ఇంట్లో ఉండేవాణ్ని ఎవరన్నా అట్లా మెచ్చుకుంటారా?

అప్పుడు మాకు షేక్ నాజర్ గుర్తొస్తాడు. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన దూదేకుల బిడ్డ. భుజాన తంబురా, వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు, పక్కన ఇద్దరు వంతలు. ప్రజానాట్యమండలి వేదికల మీద పల్నాటి యుద్ధం చెప్పాడు, బెంగాలు కరువూ చెప్పాడు. 1954లో 'అగ్గిరాముడు' సినిమాలో అల్లూరి సీతారామరాజు కథ చెప్తే ఆ గొంతు మా సీమ టాకీసుల దాకా వచ్చింది. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. 1997లో కన్నుమూశాడు.

ఆయన జీవితకథకు పేరు 'పింజారి'. దూది ఏకేవాళ్ల కులం పేరది. చాలాచోట్ల తిట్టు కూడా. ఇంట్లో తెలుగు మాట్లాడే దూదేకులవాళ్లను ఉర్దూ మాట్లాడే కొందరు సగం ముస్లిములుగానే చూస్తారు. బయటివాళ్లకేమో వాళ్లు సాయిబులే. రెండు దిక్కుల నుంచీ పడే మాటను నాజర్ దాచుకోలేదు. పుస్తకం అట్ట మీదికెక్కించాడు.

బీబీ నాంచారిని వెంకన్న దేవేరిగా కథలు చెప్పుకునే నేల మా తిరుపతి. ఇక్కడ కూడా సాయిబు సన్నాయి ఊదితే, కథ చెప్తే, మరునాడు 'మతసామరస్యం' అని శీర్షిక పడుతుంది. పత్రికలో పనిచేసేవాళ్లం, ఆ శీర్షిక ఎన్నిసార్లు అచ్చయిందో మాకు తెలుసు. సామరస్యం కావాలంటే ఇద్దరుండాలి. నాజరుకూ బుర్రకథకూ నడుమ ఆ రెండోవాడెవడు? దూదేకుల చేతుల్లో వింటినారి మోగినట్టే ఆయన చేతిలో తంబురా తీగ మోగింది. అది ఆయన ఇంటి సొత్తు.

మేం పాడితే ఆశ్చర్యపోవద్దు. తాళం తప్పితే తప్పిందని చెప్పండి, మీ ఇంటి పిల్లలకు చెప్పినట్టే.