మందు లేని సూది

సూది అనగానే పిల్లలే కాదు, మనమూ కళ్ళు మూసుకుంటాం. మరి మందే లేని సూదులు గుచ్చే ఆక్యుపంక్చర్ అంటే ఏమంటారు?

చైనాలో ఇది రెండు వేల ఏళ్ళ నాటి వైద్యం. 1938లో మనదేశం నుంచి అక్కడికి వెళ్ళిన అయిదుగురు డాక్టర్లలో కోట్నీస్ గారి పేరు మీరు వినే ఉంటారు. ఆయన 1942లో అక్కడే కన్నుమూశారు. ఆయనతో వెళ్ళిన డాక్టర్ బి.కె. బసు తర్వాత మళ్ళీ చైనా వెళ్ళి, ఈ విద్య నేర్చుకొచ్చి కలకత్తాలో మొదలుపెట్టారు.

ఇంజక్షను సూదిలా లావు కాదు, చాలా సన్నం. గుచ్చితే నొప్పిని అణిచే ఎండార్ఫిన్లు ఒంట్లోనే పుడతాయని శాస్త్రజ్ఞులంటారు. ఆపరేషన్ తర్వాత వాంతులకూ, పన్ను తీయించుకున్నాక నొప్పికీ పనిచేస్తుందని 1997లో అమెరికా నిపుణుల సంఘం ఒప్పుకుంది.

మైలవరంలో మా పిన్ని మోకాళ్ళ నొప్పికి బెజవాడ వెళ్ళి పదిసార్లు చేయించుకుంది. "మెట్లెక్కగలుగుతున్నానే" అంటుంది గానీ కింద కూర్చుని లేవడం ఇప్పటికీ కష్టమే. నొప్పి కొంత తగ్గుతుందేమో గానీ అరిగిన కీలు తిరిగి రాదు మరి! ఉత్తుత్తి సూదులు గుచ్చి పోల్చి చూసిన పరీక్షల్లోనూ తేడా కొద్దిగానే కనబడింది.

మీరూ వెళ్ళేట్టయితే కొత్త సూదుల ప్యాకెట్ మీ ఎదుటే విప్పమనండి. గర్భిణులైనా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా ముందే చెప్పండి. షుగరు మాత్రలు మానేయమన్నారా, చెప్పులేసుకుని వచ్చేయండి.