రూట్ 100 మీద మూడు బోర్డులు

వెర్మాంట్ రాష్ట్రాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి నిలువునా దాటే రోడ్డు రూట్ 100. పొడవు దాదాపు 350 కిలోమీటర్లు. అక్కడి మంచు క్రీడల కొండల్లో చాలావాటికి ఈ రోడ్డు మీదుగానే వెళ్లాలి. ఫిబ్రవరిలో న్యూజెర్సీ నుంచి నేనూ మా బావమరిదీ బయల్దేరినప్పుడు కారు పైన మూడు స్నోబోర్డులు కట్టాం. ఒకటి రెండు కొసలూ ఒకే తీరులో ఉండి మెత్తగా వంగే ట్విన్. రెండోది ముక్కు పొడవుగా, తోక కురచగా, ఒళ్లంతా బిగువుగా ఉండేది. మూడోదానికి ముక్కు బాగా వెడల్పు, తోక సన్నబడి చివర రెండుగా చీలి ఉంటుంది. ఏ మంచు మీద ఏది ఎలా నడుస్తుందో ఒకే ప్రయాణంలో పక్కపక్కన పెట్టి చూడాలన్నది చాలాకాలంగా నా కోరిక.

మొదట ఆగింది స్ట్రాటన్‌లో. దానికి దగ్గర్లోనే లండన్‌డెరీ అనే చిన్న ఊరు. జేక్ బర్టన్ కార్పెంటర్ 1977లో బోర్డుల తయారీ మొదలుపెట్టింది ఆ ఊళ్లోనే. అంతకు ముందే, 1965లో, మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ రెండు స్కీలను జతకట్టి తన పిల్లల కోసం ‘స్నర్ఫర్’ తయారుచేశాడు. ఆ తొలి బోర్డులకు లోహపు అంచులు లేవు. లోతైన మెత్తటి మంచులో జారడానికి సరిపోయేవి గానీ, యంత్రాలతో చదునుచేసిన గట్టి మంచు మీద వాటికి పట్టు దొరికేది కాదు. 1983లో స్ట్రాటన్ స్నోబోర్డర్లను లిఫ్ట్ ఎక్కనిచ్చింది. ఆ తర్వాతి ఏళ్లలో లోహపు అంచులు మామూలయ్యాయి, బోర్డు నడుము దగ్గర లోపలికి వంపు తిరిగింది. బోర్డు రూపాన్ని దిద్దింది దాని కింద ఉన్న మంచేనని నాకు ఆ కొండ కింద నిలబడినప్పుడు గట్టిగా అనిపించింది.

స్ట్రాటన్ పార్కులో ట్విన్ తీశాం. గాల్లోకి ఎగిరి, తిరిగి, వెనక్కి జారుతూ దిగేవాళ్లకు ముక్కూ తోకా ఒకేలా ఉండటం అవసరం. ఎటు దిగినా బోర్డు ప్రవర్తన మారదు. ఇనుప కడ్డీల మీద ముక్కునో తోకనో నొక్కి వంచాలంటే మెత్తదనం కావాలి. అదే బోర్డుతో పక్కనున్న నిటారు వాలులోకి వెళ్లగానే ముక్కు వణకడం మొదలైంది. గతుకు వచ్చినప్పుడల్లా మెత్తటి ముక్కు లేస్తుంది, అంచు మంచును వదిలేస్తుంది.

“బావా, మీకు ఇంత మెత్తగా ఉన్న బోర్డు నాకు బిగుసుకుపోయి ఉందేంటి?” అన్నాడు మావాడు లిఫ్ట్‌లో.

అతను 60 కిలోలు దాటడు, నేను 80 పైన. వంగడమన్నది బోర్డు ఒక్కదాని గుణం కాదు, దాని మీద పడే బరువుతో కలిసి తేలే లెక్క. అద్దె దుకాణాల్లో చాలాచోట్ల బోర్డును నిలబెట్టి గడ్డం దాకా వచ్చిందా లేదా అని చూస్తారు. ఎత్తు కన్నా బరువు ముఖ్యం. తయారీదారులు ఇచ్చే పట్టికల్లో ఏ పొడవుకు ఎంత బరువో ఉంటుంది. మన తెలుగు కుర్రాళ్లు చాలామంది పొడుగ్గా, సన్నగా ఉంటారు. ఎత్తు చూసి ఇచ్చిన బోర్డును వంచలేక, లోపం తమలోనే ఉందనుకుని ఆట మానేసినవాళ్లు నాకు తెలుసు. బోర్డు మీద వేసే 1 నుంచి 10 అంకెలకు కూడా అందరూ ఒప్పుకున్న కొలత లేదు. ఒక కంపెనీ 5 ఇంకో కంపెనీ 7 కావచ్చు. చేత్తో వంచి చూడాలి, మెలితిప్పి కూడా చూడాలి. మలుపులోకి దిగేటప్పుడు పాదాల మధ్య మెలిక పడే తీరే ఎక్కువగా తెలుస్తుంది.

ఉత్తరానికి వెళ్తుంటే దారిలో మ్యాడ్ రివర్ గ్లెన్ తగిలింది. స్కీయర్ల సహకార సంఘం నడుపుతున్న ఆ కొండ మీద స్నోబోర్డుకు నేటికీ అనుమతి లేదు. ఆగలేదు. వాళ్ల కొండ వాళ్లిష్టమే అయినా నాకు బాధగానే ఉంది.

స్టోలో ఎక్కువసేపు ఉన్నాం. అక్కడి మాన్స్‌ఫీల్డ్ 1,340 మీటర్లతో వెర్మాంట్‌లో అన్నిటికన్నా ఎత్తైన కొండ. ముందురోజు వాన పడి రాత్రికి గడ్డకట్టింది. స్టార్, గోట్, నేషనల్, లిఫ్ట్‌లైన్ అనే నాలుగు నిటారు దారులకు ఆ కొండ పేరుపొందింది. నేషనల్ పైన నిలబడితే కింద మంచు నీలంగా మెరుస్తోంది. బిగువైన బోర్డు తీశాను. అది క్యాంబర్ రకం. నేల మీద పెడితే బోర్లించిన విల్లులా మధ్యలో లేచి, రెండు కొసల దగ్గరే ఆనుతుంది. మనిషి ఎక్కి నిలబడితే ఆ వంపు చదునై, పైకి లేవాలన్న దాని బలం అంచు పొడవునా మంచులోకి దిగుతుంది. మొదటి మలుపులో అంచు కరిచింది. జారకుండా గీత గీసుకుంటూ వెళ్లింది. ఆ పట్టు అరికాలికి తెలుస్తుంటే నాకు పట్టరాని సంతోషం. రాకర్ రకానికి మధ్య భాగం ఆని కొసలు లేచి ఉంటాయి. మలుపు తేలిక, అంచు అనుకోకుండా గుచ్చుకునే భయమూ తక్కువే, కానీ ఇలాంటి గడ్డ మీద పక్కకు జారిపోతుంది. ఆ లోటు తీర్చడానికే వాషింగ్టన్ రాష్ట్రంలోని మెర్విన్ కంపెనీవాళ్లు అంచును అలలు అలలుగా కోసి, పట్టు దొరికే చోట్లు పెంచారు.

బిగువైన బోర్డు నేర్పుకు గుర్తని చాలామంది నమ్ముతారు. నేను ఒప్పుకోను. నెమ్మదిగా వెళ్తే అది వంగదు, వంగకపోతే తిరగదు. సాయంత్రానికి మోకాళ్లు పట్టేస్తాయి. వేగం, వాలు, గట్టి మంచు మూడూ ఉన్నప్పుడే దానితో పని.

చివరికి కెనడా సరిహద్దు దగ్గరి జే పీక్. అక్కడ రాత్రంతా కురిసింది, చెట్ల మధ్య మోకాలి లోతు. చీలిన తోక బోర్డు నాకు, ట్విన్ మావాడికి. ఆ తోక కొత్తదేమీ కాదు. అలలమీది సర్ఫ్‌బోర్డుల నుంచి తీసుకుని, దిమిత్రియే మిలోవిచ్ 1970ల్లోనే యూటాలో వింటర్‌స్టిక్ బోర్డులకు పెట్టాడు. వెడల్పు ముక్కు తేలుతుంది, సన్నటి తోక దిగుతుంది, దాంతో ముక్కు దానంతటదే పైకి లేస్తుంది. బైండింగులు కూడా కాస్త వెనక్కి బిగించి ఉంటాయి. నేను రెండు కాళ్ల మీదా సమంగా నిలబడి బర్చ్ చెట్ల మధ్య తిరుగుతుంటే, మావాడు ముక్కు మునగకుండా వెనక కాలి మీదే బరువంతా మోపుతున్నాడు. మధ్యాహ్నానికి అతని తొడ వణికిపోతోంది. ఒకరినొకరు కనిపెట్టుకునే దిగాం. అలాంటి చోట చెట్ల మొదళ్ల చుట్టూ మంచు గుల్లగా ఉండి మనిషిని మింగేస్తుంది.

భోజనాల దగ్గర బోర్డులు మార్చుకున్నాం.

“నేను ఒక్కటే కొనగలను, బావా. ఏది కొనమంటారు?”

బోస్టన్‌లో ఉండేవాడు, దొరికే మంచులో ఎక్కువ భాగం గట్టిదే. ఈ మూడింటిలో ఏదీ వద్దన్నాను. పాదాల కింద క్యాంబర్, ముక్కు దగ్గర కొంచెం రాకర్, మధ్యస్థమైన బిగువు, పట్టికలో 60 కిలోలు నడుమ పడే పొడవు. బూటు వేళ్లు అంచు దాటి మరీ బయటికి రాకూడదు గనక, ముందు బూట్లు కొని, అవి వెంట తీసుకెళ్లి వెడల్పు చూడమన్నాను. జే పీక్ కోసం ఏడాదికొకసారి చీలిన తోకది అద్దెకు తీసుకోవచ్చు. అతను ఫోన్‌లో అంతా రాసుకుని, నా బోర్డు చంకన పెట్టుకుని లిఫ్ట్ వైపు నడిచాడు.