ఐదో చక్రం

కొలరాడో రాష్ట్రంలో వుల్ఫ్ క్రీక్ పాస్ అని ఒక కనుమ ఉంది. సముద్రమట్టానికి 10,800 అడుగుల పైచిలుకు ఎత్తు. తూర్పున అలమోసా వైపు నుంచి ఎక్కి, పడమట పగోసా స్ప్రింగ్స్ వైపు దిగాలి. దిగే వైపు వాలు దాదాపు 7 శాతం, మైళ్ళ తరబడి అదే వరస. బ్రేకులు పోయిన లారీలు ఎక్కి ఆగడానికని కంకర పోసిన ఎగుడుదారులు అక్కడ రోడ్డు పక్కనే కనిపిస్తాయి. 2019 జూన్‌లో నేనూ మా ఆవిడా ఆ కనుమ దిగుతున్నాం. మా బండి పెట్రోలుతో నడిచే అరటన్ను పికప్పు. వెనుక 28 అడుగుల క్యాంపర్, సామానుతో కలిపి 7,200 పౌండ్లు. సగం దిగేసరికి బ్రేకు పెడల్ మెత్తబడింది. కాలిన కొబ్బరిపీచు వాసన వంటిదేదో లోపలికి వచ్చింది. అద్దంలో చూస్తే క్యాంపర్ ముందు చక్రం దగ్గర నీలిపొగ.

ఎలాగో ఒక విశాలమైన మలుపులో పక్కకు తీసి ఆపగలిగాను. గంటన్నర సేపు అక్కడే కూర్చున్నాం. మా ఆవిడ ఏమీ అనలేదు. మరుసటి రోజు మేసా వెర్దేలో వందల ఏళ్ళనాటి కొండగుహల ఇళ్ళు చూస్తూ మాత్రం, "ఏమండీ, ఇంకోసారి ఇలాంటి దిగుడుంటే నేను విమానంలో వస్తాను. మీరు బండిలో రండి" అంది. నవ్వుతూనే అన్నా, ఆ నవ్వు వెనకాల ఏముందో ముప్పై ఏళ్ళ కాపురం తర్వాత నాకు తెలియకపోదు.

ఆ రోజు తప్పు బండిది కాదు, నాది. క్యాంపర్ బ్రేకుల బలాన్ని నిర్ణయించే మీట తక్కువలో పెట్టి వదిలేశాను. గేరు తగ్గించి ఇంజను మీద దిగవలసినవాణ్ణి, కాలు బ్రేకు మీదే ఉంచి దిగాను. ఆ రెండూ సరిచేసుకున్నా, మేమనుకుంటున్న ప్రయాణానికి ఆ బండి చాలదని నాకు అప్పుడే తెలిసింది. ఉద్యోగ విరమణ తర్వాత రెండేళ్ళపాటు ఇల్లు అద్దెకిచ్చి, ఇంటిలాంటి క్యాంపర్‌లో ఈ దేశమంతా తిరగాలన్నది మా కోరిక. (కోరిక ముందు ఆవిడదే. పేరు మాత్రం నాకు వచ్చింది.) అందుకు కావలసింది పెద్ద క్యాంపర్. దాన్ని లాగడానికి, అంతకన్నా ముఖ్యంగా దాన్ని ఆపడానికి, గట్టి డీజిల్ పికప్పు.

పెద్ద క్యాంపర్లలో 'ఫిఫ్త్ వీల్' అని ఒక జాతి. ఐదో చక్రం అన్నమాటే గాని అందులో ఐదో చక్రమేమీ ఉండదు. పూర్వం గుర్రపుబగ్గీల ముందిరుసు అటూ ఇటూ తిరగడానికి దానిపైన అడ్డంగా ఒక ఇనుపవలయం ఉండేది, ఆ వలయం పేరే దీనికి మిగిలింది. మామూలు క్యాంపర్‌ను పికప్పు తోక దగ్గర తగిలిస్తారు. దీన్ని మాత్రం పికప్పు తొట్టి నడుమ, వెనుక ఇరుసుకు సరిగ్గా పైన కూర్చోబెడతారు. అందువల్ల గాలికి ఊగడం తక్కువ, నిలకడ ఎక్కువ. దానికి వెల ఏమిటంటే, క్యాంపర్ బరువులో దాదాపు ఐదోవంతు పికప్పు వీపు మీద పడుతుంది.

ఇక్కడే నాకు మా తాతయ్య గుర్తుకొచ్చేది. కృష్ణాజిల్లాలో మా ఊళ్ళో కళ్ళం దగ్గర ధాన్యం బస్తాలు బండికెత్తించేటప్పుడు ఆయన లెక్క బస్తాల సంఖ్య గురించి కాదు, అవి ఇరుసుకు ముందు ఎన్ని, వెనుక ఎన్ని అని. వెనుక ఎక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల మెడతాళ్ళు గొంతుకు బిగుస్తాయి. ముందు ఎక్కువైతే కాడి మెడలను నలిపేస్తుంది. బండి కదిలించే ముందు కాడిని చేత్తో ఒకసారి ఎత్తి దించి చూసేవాడు. ట్రక్కుల వాళ్ళ భాషలో టంగ్ వెయిట్, పిన్ వెయిట్ అనేవి ఆ చేతికి తగిలిన బరువే. తోకకు తగిలించే క్యాంపరుకు మొత్తంలో 10 నుంచి 15 శాతం ముందుకు పడాలి. అంతకు తగ్గితే అది చేపతోకలా కొట్టుకుంటుంది. ఫిఫ్త్ వీల్‌కు 20 శాతం, అటూ ఇటూ.

మేము ఎంచుకున్న క్యాంపర్ నిండుగా ఉన్నప్పుడు దాదాపు 13,000 పౌండ్లు. వీపు మీద పడేది 2,600. మన లెక్కలో 75 కిలోల ధాన్యం బస్తాలు దాదాపు 16. ఆ బస్తాలు మోయగల పికప్పు ఏది అన్నదే అసలు ప్రశ్న. నేను మాత్రం చాలాకాలం వేరే ప్రశ్న పట్టుకుని తిరిగాను. ఎన్ని వేల పౌండ్లు లాగుతుంది? అమ్మేవాళ్ళు చెప్పేదీ అదే. ఒక దుకాణంలో కుర్రవాడు ముప్పావు టన్ను డీజిల్ బండి చూపించి, "సార్, ఇది 17,000 పౌండ్లు లాగుతుంది, మీ క్యాంపర్ దీనికి లెక్కే కాదు" అన్నాడు. నేను ఇంజను చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నాను. ఈలోగా మా ఆవిడ డ్రైవరు వైపు తలుపు తీసి, ద్వారబంధం మీద అంటించి ఉన్న చీటీ చదువుతోంది. మనుషులూ సామానూ కలిపి 2,117 పౌండ్లకు మించరాదని ఉంది. ఆవిడ ముప్పై ఏళ్ళు జమాఖర్చులు రాసిన మనిషి. చేతిసంచిలోంచి కాగితం తీసి, క్యాంపర్ ముక్కు 2,600, మనిద్దరం 310, తగిలించే ఇనుపచట్రం 160, మొత్తం 3,070 అని వేసి నా చేతిలో పెట్టింది. హద్దుకు 953 పౌండ్లు ఎక్కువ. ఇంకా పెట్టెలో ఒక్క సుత్తి కూడా పెట్టలేదు.

లాగడానికి శక్తి ఉన్న బండికి మోయడానికి శక్తి ఎందుకు లేదు అంటే, అరటన్ను, ముప్పావు టన్ను, టన్ను అనే పేర్లు ఇవాళ కేవలం పేర్లే. ముప్పావు టన్ను బండ్లలో చాలావాటికి తన బరువూ మోసే బరువూ కలిపి 10,000 పౌండ్ల దగ్గర హద్దు గీస్తారు. డీజిల్ ఇంజను పెట్రోలు ఇంజనుకన్నా చాలా బరువు. ఆ అదనపు బరువు ఆ హద్దులోంచే పోతుంది. అంటే ఇంజను ఎంత బలమైనదైతే వీపు అంత బలహీనమన్నమాట. టన్ను బండికి స్ప్రింగులు గట్టివి, హద్దు ఎక్కువ. అలా మా ఆవిడ కాగితం ముక్కతో సగం బజారు తుడిచిపెట్టుకుపోయింది.

ఇక డీజిలే ఎందుకు? ఎక్కేటప్పుడు సంగతి సులువే. గాలి పలచబడినకొద్దీ, టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి అడుగులకూ దాదాపు 3 శాతం శక్తి కోల్పోతుంది. టర్బో ఉన్న డీజిల్‌కు ఆ బాధ తక్కువ. నన్ను ఆకట్టుకున్నది దిగే సంగతి. పెట్రోలు ఇంజనుకు కాలు తీయగానే గాలిద్వారం మూసుకుని, పిస్టన్లు శూన్యాన్ని పీల్చలేక ఆయాసపడి బండిని కాస్త పట్టి ఉంచుతాయి. డీజిల్‌లో ఆ లక్షణం దాదాపు లేదు. అది హాయిగా గాలి పీలుస్తూ, వదులుతూ దొర్లుకుపోతుంది. అందుకే పొగ బయటికి పోయే దారిని మూసే ఏర్పాటు చేశారు. టర్బోలోని రెక్కలు దగ్గరగా ముడుచుకుని పొగను అడ్డగిస్తే, పిస్టన్లు దానికి ఎదురు తోయవలసివచ్చి ఇంజను బండిని వెనక్కి లాగుతుంది. దీన్నే ఎగ్జాస్ట్ బ్రేక్ అంటారు. కమిన్స్ 6.7 లీటర్ల ఇంజను 2007లో వచ్చినప్పటి నుంచీ ఇది దానికుంది. డ్యూరామాక్స్‌కు 2011 నమూనాలో వచ్చింది. ఫోర్డ్ 6.7 కూడా 2011 నుంచే లాగే సమయంలో ఇంజనుతో తనంతట నిలవరించుకుంటుంది. వుల్ఫ్ క్రీక్ చూసినవాణ్ణి గనుక, ఇది లేని బండ్లన్నీ, ఎంత పేరున్నవైనా, నా జాబితాలోంచి తీసేశాను. అందరూ చేతులెత్తి మొక్కే పాత 7.3 ఫోర్డూ, 2006, 2007 నాటి ఎల్‌బీజడ్ డ్యూరామాక్సూ అలాగే పోయాయి. బాధగానే ఉండింది.

అయినా మధ్యలో ఒక ప్రలోభం వచ్చిపడింది. ఒకాయన 2005 నాటి 6.0 లీటర్ల ఫోర్డు, టన్ను బండి, మిగతావాటిలో మూడోవంతు ధరకు ఇస్తానన్నాడు. మిగిలిన డబ్బుతో ఎగ్జాస్ట్ బ్రేక్ విడిగా పెట్టించుకోవచ్చు కదా అని మనసు లాగింది. ఫోర్ట్ వర్త్ అవతల చిన్న ఊళ్ళో జీవితమంతా డీజిళ్ళు విప్పిన ముసలి మెకానిక్ ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. బండి వంక చూడనైనా చూడకుండా వేళ్ళు మడిచి చెప్పాడు. ముందు ఆయిల్‌ను చల్లబరిచే పెట్టెలోని సన్నని దారులు పూడుకుంటాయి. అప్పుడు దాని తర్వాతి కూలర్‌కు, అంటే పొగను చల్లబరిచి తిరిగి ఇంజనుకు పంపేదానికి, నీరు చాలదు. అది మరిగి పగులుతుంది. లోపల ఒత్తిడి పెరిగి, హెడ్‌ను అదిమిపట్టే బోల్టులు సాగుతాయి. గాస్కెట్ పోతుంది. "మొదటి రోగం చిన్నదే. జనం చివరి రోగానికి డబ్బు కడతారు" అన్నాడాయన. ఈ ఇంజను మీదే ఫోర్డూ, దాన్ని తయారుచేసిన నావిస్టారూ 2007లో కోర్టుకెక్కి 2009లో రాజీపడ్డాయి. ఆ రోగాలన్నీ పద్ధతిగా నయం చేయించిన 6.0 చక్కగా నడుస్తుందని కూడా ఆయనే అన్నాడు. నయం చేయించినట్టు రసీదులు అడిగితే అమ్మేవాడు మళ్ళీ ఫోన్ చేయలేదు.

నమ్మదగినది అంటే ఏమిటో నాకు ఆయన దగ్గరే కొంత అర్థమైంది. పేరునుబట్టి కాక, ఏ ఏడు, ఏ ఇంధనపంపు అని అడగాలి. బాష్ వారి సీపీ3 అనే పంపు ఉంది, మొండిది. తర్వాత అదే కంపెనీ సీపీ4 తెచ్చింది. అది ఫోర్డ్ 6.7లోనూ, 2011 నుంచి 2016 వరకు డ్యూరామాక్స్‌లోనూ, 2019, 2020 రామ్ బండ్లలోనూ వచ్చింది. ఈ సీపీ4 చెడిందంటే తానొక్కటే చెడదు, ఇనుపరజను ఇంజెక్టర్ల దాకా పంపి మొత్తం ఇంధనవ్యవస్థను పాడుచేస్తుంది. పదివేల డాలర్ల మాట. అలా అందరికీ జరుగుతుందని కాదు. అమెరికా డీజిల్‌కు యూరప్ డీజిల్ అంత జిడ్డుగుణం లేదు. అరుగుదల పరీక్షలో యూరప్ హద్దు 460 మైక్రాన్లయితే ఇక్కడి హద్దు 520. అక్కడి చమురుకు సరిపడిన పంపు ఇక్కడ ఎండిపోతుందని మెకానిక్కుల వాదన. 2021లో రామ్ ఆ రెండేళ్ళ బండ్లను వెనక్కి పిలిచి మళ్ళీ సీపీ3 బిగించడం చూశాక నాకు ఆ వాదన కొట్టిపారేయబుద్ధి కాలేదు.

పొగగొట్టంలోని మసిజల్లెడ కోసి పారేసిన బండ్లు కూడా రెండు చూపించారు. "ఇక ఏ తలనొప్పీ ఉండదు సార్" అన్నారు. ఫెడరల్ చట్టం దాన్ని ఒప్పుకోదన్నది అలా ఉంచితే, అంత పని చేసినవాడు ఇంజనును ఇంకెంత పిండి ఉంటాడో ఎవరికి తెలుసు? నిజానికి ఆ జల్లెడకు కావలసింది దూరప్రయాణం. వేడెక్కి మసిని తానే కాల్చుకుంటుంది. కూరగాయలకూ గుడికీ మాత్రమే తిరిగే డీజిల్ బండికి అది పూడుకుపోతుంది. మా పక్కవీధి స్నేహితుడొకాయన నన్ను చూసి తానూ డీజిల్ కొంటానంటే, లాగే పని లేకపోతే వద్దని గట్టిగా చెప్పాను. కాస్త నొచ్చుకున్నాడు.

చివరికి 2022 మార్చిలో 2018 నాటి రామ్ 3500, కమిన్స్ 6.7, సీపీ3 పంపు, ఐసిన్ గేర్‌బాక్స్ ఉన్న బండి కొన్నాం. మొదటి యజమాని ప్రతి ఆయిల్ మార్పుకూ, ప్రతి ఫిల్టరుకూ రసీదు దాచాడు. వెనుక నాలుగు చక్రాలున్నది కొనమని అందరూ అన్నారు. నిలకడ నిజంగా దానికే ఎక్కువ. కాని దాని హద్దు 14,000, క్యాంపర్ హద్దు 13,500, కలిపితే 27,500. టెక్సస్‌లో 26,000 దాటితే వేరే తరగతి లైసెన్సు కావాలి. మా బండి 12,300తో కలిపి 25,800. ఈ లెక్క కూడా ఆవిడదే. తర్వాత హైవే మీద లారీలు తూచే క్యాట్ స్కేల్‌కు తీసుకెళ్ళి, నిండు ట్యాంకుతో, మేమిద్దరం కూర్చుని, ఇనుపచట్రంతో తూయించాం. 8,560 వచ్చింది. క్యాంపర్ ముక్కు బరువు వేసుకున్నా 1,140 పౌండ్ల వెసులుబాటు. ఆ రాత్రి నాకు చాలా రోజుల తర్వాత నిద్రపట్టింది.

ఈ ఇంజనుకూ ఒక దోషం ఉంది, దాచడం ఎందుకు. చలిలో లోపలికి వెళ్ళే గాలిని వేడిచేసే తీగెల చట్రానికి ఒక బోల్టు ఉంటుంది. అది కాలి సన్నబడి, తెగి, ఆరో సిలిండర్‌లో పడితే ఇంజను పోయినట్టే. అరుదు, కాని జరిగింది. దాన్ని ముసలి మెకానిక్ చేత విప్పించి చూపించుకుని, ఆయన సలహా మీద ఆ చట్రం మార్పించాను. అందుకు కొంత ఖర్చయింది. ఆవిడ పుస్తకంలో 'బోల్టు' అని ఒక పద్దు పెట్టింది.

2023 సెప్టెంబరులో మళ్ళీ వుల్ఫ్ క్రీక్ ఎక్కాం. ఆవిడ విమానం ఎక్కలేదు. శిఖరం దాటక ముందే గేరు తగ్గించి, ఎగ్జాస్ట్ బ్రేక్ మీట నొక్కి, గంటకు 35 మైళ్ళ దగ్గర పెట్టాను. గొంతు బొంగురుపోయినట్టు ఒక మూలుగు. పాతసారి ఆగిన మలుపు దాటుతుంటే ఇద్దరమూ అటే చూశాం, ఏమీ మాట్లాడుకోలేదు. కిందికొచ్చి ఆగాక దిగి, అన్ని చక్రాల దగ్గరా అరచెయ్యి దూరంగా పెట్టి వేడి చూశాను. తిరిగొచ్చేసరికి ఆవిడ ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి ఇచ్చింది.

"నాలుగుసార్లు తొక్కారు" అంది.

"ఏమిటి?"

"బ్రేకు. కొండ మొత్తానికి నాలుగే. పోయినసారి లెక్క తప్పిపోయింది."