మన రూపాయి నడిచిన ఎడారి

జనవరిలో కువైట్ చలి పుట్టిస్తుందని ఎవరూ చెప్పలేదు. రాత్రిపూట విమానాశ్రయం బయటికి అడుగుపెట్టగానే పళ్లు టకటకలాడాయి. అంతకుముందు ఇమిగ్రేషన్ వరసలో మొదట చెవిన పడింది కూడా అరబ్బీ కాదు, రాయచోటి యాస. అకామా (అక్కడ ఉండే పర్మిట్టు) ఎప్పటిదాకా ఉంది, కఫీల్ (పనికి పిలిపించుకున్న యజమాని) మంచోడేనా, ఇవే కబుర్లు. దేశం మారామో లేదో కాసేపు అనుమానమే.

తెల్లారి ఊరు చూద్దామని బయల్దేరి హాయిగా తప్పిపోయాను. పాత పట్నం సముద్రపు ఒడ్డున ఉంటుంది. దాని చుట్టూ ఉన్న మట్టి ప్రహరీని 1957లో పడగొట్టి, ద్వారాలు మాత్రం ఉంచారు. అక్కడి నుంచి ఫస్ట్ రింగ్ రోడ్, సెకండ్ రింగ్ రోడ్ అంటూ అర్ధచంద్రాల్లా ఎడారిలోకి పోతాయి. మన దగ్గరైతే ‘రామాలయం ఎదురు సందు’ అంటే ఇల్లు దొరికిపోతుంది. అక్కడ అడ్రసంటే బ్లాకు నంబరు, వీధి నంబరు, ఇంటి నంబరు. ఇళ్లన్నీ ఇసుక రంగే, వీధిలో మనిషి కనబడడు. అడుగుదామంటే పిల్లులే దిక్కు.

దేశం మొత్తానికి ఒక్క నది లేదు. వాన ఏడాదికి 110 మిల్లీమీటర్ల చిల్లర. మనం కరువు జిల్లా అనే అనంతపురంలో 500 మిల్లీమీటర్లు దాటుతుంది! మరి తాగేదేమిటి? సముద్రపు నీళ్లే, ఉప్పు తీసి. 1953లో పెద్ద ప్లాంటు వచ్చేదాకా ఇరాక్ వైపు షట్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో మంచినీళ్లు తెచ్చి అమ్ముకునేవారట. ఇప్పుడు ఆ దేశానికి గుర్తుగా పోస్టుకార్డుల మీద వేసుకునే కువైట్ టవర్స్ కూడా నీళ్ల ట్యాంకులే. 187 మీటర్ల పెద్ద టవర్‌కున్న పెద్ద గోళంలో పై సగం హోటలు, కింది సగం నీళ్లు. ఒంటినిండా నీలం, ఆకుపచ్చ ఉక్కు బిళ్లలు. మన ఊరి వాటర్ ట్యాంకుకు పట్టుచీర కట్టినట్టుంది. చాలాసేపు తల వంచబుద్ధి కాలేదు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం మ్యూజియంలోని పడవ. ‘బూమ్’ అంటారు. దాని టేకు మన మలబారు నుంచి వెళ్లింది. చమురుకు ముందు వీళ్ల బతుకంతా సముద్రమే: ఎండాకాలం ముత్యాల కోసం మునగడం, తర్వాత బస్రా ఖర్జూరాలు నింపుకుని మన పడమటి తీరానికి రావడం. జపాన్ పెంపుడు ముత్యాలొచ్చి ఆ బేరం పడిపోయింది. 1938లో బుర్గాన్‌లో చమురు పడినా, రెండో ప్రపంచ యుద్ధం వల్ల మొదటి ఓడ కదిలింది 1946లో. 1961లో దినార్ వచ్చేదాకా అక్కడి బజార్లో చెల్లింది మన రూపాయే. ఇప్పుడు ఒక్క దినార్‌కు ఎన్ని రూపాయలో లెక్కేసుకుంటూ నడుస్తున్న నాకు ఇది వినగానే నవ్వొచ్చింది. ఒకప్పుడు సరుకు కోసం వాళ్లు మన రేవులకు వచ్చారు. ఇప్పుడు జీతం కోసం మనం వెళుతున్నాం.

ముబారకియా బజారుకు ఆకలితో వెళ్లండి. తందూర్ పొయ్యి గోడ నుంచి ఊడదీసిన ఇరానీ రొట్టె పళ్లెం కన్నా పెద్దది. దాన్ని కాగితమైనా చుట్టకుండా చేత్తో పట్టుకుపోతారు. జుబైదీ అని గొప్పగా వడ్డించింది మన చందువ చేపే. కారం లేదు, పులుపు లేదు. పక్కన పచ్చి ఆకులు, నిమ్మచెక్క. రెండు ముద్దలదాకా ఆవకాయ గుర్తొచ్చింది, మూడోది తిన్నాక మరిచిపోయాను. అత్తరు కొట్టులో ముసలాయన నా మొహం చూసి చక్కటి హిందీలో బేరం మొదలుపెట్టాడు.

యాభై లక్షలకు దగ్గరగా ఉన్న జనాభాలో ముగ్గురిలో ఇద్దరు బయటి దేశాలవాళ్లే. మనదేశంవాళ్లు పది లక్షల దాకా ఉంటారు. శుక్రవారం సాయంత్రం సిటీలో చూస్తే నమ్మకం కుదురుతుంది. ఉద్యోగాల కబుర్లు, డబ్బు పంపే కౌంటర్ల ముందు వరసలు, ఇంటికి వీడియో కాల్స్. ఆ గుంపులో ఆడవాళ్లు తక్కువ. ఇంటి పనికి ఖాదిం వీసా మీద వచ్చినవాళ్లకు వారానికో సెలవు చట్టంలో ఉంది, గేటు దాటి రావడం ఆ ఇంటివాళ్ల మనసు మీద ఉంటుంది.

అక్కడే ఓ డ్రైవరు పలకరించాడు. “యా ఊరునా మీది?” చెప్పాను. కువైట్ ఎట్లుందన్నాడు. చల్లగా బాగుందన్నాను.

“ఈ చలికాలం వచ్చి బాగుందంటే ఎట్లనా? జులైలో రాండి, మాట్లాడుకుందాం.”

అతనన్నది నిజమే. 2016 జులైలో అక్కడి మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు కొట్టింది. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పని చేయించకూడదని రూలే ఉంది.

కాబట్టి మీరు నవంబరు, మార్చి మధ్యలో వెళ్లండి. స్వెట్టర్ పెట్టెలో పైనే పెట్టుకోండి. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యేదాకా చాలా కొట్లు తెరవరు, పొద్దున్నే లేచి లాభం లేదు.