వనపర్తి నుంచి నిజాం కొలువుకు

రాజోలి నుంచి పనిమీద పట్నం పోయేవాళ్లకు మాసబ్ ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్ కొత్తేమీ కాదు. ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్ ఉండిన బస్తీ అది. ఆ గుర్రపు దళం మొదట నిజాముది కాదు, మన పక్క సంస్థానం వనపర్తిది. 19వ శతాబ్దంలో రాజా రామేశ్వరరావు ఆఫ్రికా యువకులతో దాన్ని నిలబెట్టాడు. తర్వాత అది నిజాం చేతికి మారింది. ఏనుగులు మారినట్టే మనుషులూ మారారన్నమాట. మీకిష్టమేనా అని వాళ్లనెవరైనా అడిగారంటే నేను నమ్మను.

1944లో బ్రిటిషువాళ్లు కూడా నైజీరియా, గోల్డ్‌కోస్ట్ కుర్రాళ్లను తెచ్చి బర్మా సరిహద్దులో కలదాన్ లోయలో జపాను మీదికి తోలారు. వాళ్ల పేరు చరిత్ర పుస్తకాల్లో అంతంతమాత్రమే. అయినా బతికినవాళ్లకు యుద్ధం ముగిశాక ఎక్కడానికి ఓడ, దిగడానికి ఊరు ఉన్నాయి. మన హబ్షీలకు, అంటే ఆ గుర్రపు దళంలోని ఆఫ్రికావాళ్లకు, అదీ లేదు. 1948 పోలీసు చర్యతో నిజాం రాజ్యం పోయింది, ఆ వెనకే కొలువూ పోయింది. పిల్లలు ఆ బస్తీలోనే పెరిగారు, ఉర్దూ మాట్లాడారు, డప్పు పట్టారు. పాతబస్తీ పెళ్లి ఊరేగింపుకు మర్ఫా వాయిద్యం కావాలంటే ఇప్పటికీ వాళ్లకే కబురు పెడతారు. బేరం మాత్రం గట్టిగానే ఆడతారట.